కుందేలు మొహం మూడోసారి కూడా ఎడమకే తిరిగింది. తప్పు దూదిదేనా?

దారంకండె:

అందరికీ నమస్కారం. బట్టబొమ్మలు కుట్టడం మొదలుపెట్టి ఏడు నెలలవుతోంది. పగలు లెక్కలు చూసే ఉద్యోగం, రాత్రి పిల్లలు పడుకున్నాక మా అమ్మ ఇచ్చిన కాలి మిషన్ ముందు కూర్చుంటాను. ఇప్పటిదాకా ఒక చేప, రెండు తాబేళ్ళు, ఒక గుడ్లగూబ అయ్యాయి. అన్నీ దిండు రకమే. ముందో ముక్క, వెనకో ముక్క, చుట్టూ కుట్టు, తిరగేసి దూది కూరడం, అయిపోయింది. వాటితో ఏ పేచీ రాలేదు.

ఆ ధైర్యంతో కుందేలు మొదలుపెట్టాను. కూర్చున్న కుందేలు, చెవులు కాకుండా 28 సెంటీమీటర్లు. తల విడిగా కుట్టి ఒంటికి అతకాలి. తలకి మూడు ముక్కలు: రెండు చెంపలు, వాటి మధ్య ముక్కు దగ్గర మొదలై నెత్తి మీదుగా మెడ వెనక దాకా పోయే పొడుగు పట్టీ. గుడ్డ మింకీ, అంటే బొమ్మలకి వాడే మెత్తటి నూగుగుడ్డ, బూడిద రంగు.

కుట్టినంతసేపూ బాగానే ఉంది. తిరగేసి చూసినా బాగానే ఉంది. దూది నిండేకొద్దీ ముక్కు మెల్లగా ఎడమకి జరగడం మొదలైంది. సగం నిండేసరికి ఎవరో పక్కనుంచి పిలిస్తే తిరిగి చూస్తున్నట్టు తయారైంది. మా చిన్నాడికి ఆరేళ్ళు. వాడు చూసి, "అమ్మా, దీనికి మెడ పట్టేసింది" అన్నాడు.

దూది సరిగ్గా కూరలేదేమోనని మొత్తం తీసి మళ్ళీ కూరాను. అదే వరస. మూడోసారి ఎడమ చెంపలో గట్టిగా దట్టించి, ముక్కుని కుడికి నెడదామని చూశాను. ముక్కు కదల్లేదు గానీ చెంప ఉబ్బి, పన్నునొప్పితో బాధపడుతున్న కుందేలు తయారైంది.

ఇంకో విచిత్రం. రెండు చెవులూ ఒకే గుడ్డలోంచి కత్తిరించినవే. కిటికీ పక్కన పెడితే మాత్రం కుడి చెవి ఒక వన్నె ముదురుగా కనిపిస్తోంది. నా కళ్ళకేనా అని మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయనకీ అలాగే కనిపించింది.

దూది అంటున్నాను గానీ నేను వాడేది దిండ్లలో వేసే పాలిస్టర్ ఫైబరే. అది కూడా అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ మింగేసింది. నమూనా నిజానికి 14 సెంటీమీటర్ల కుందేలుది. జిరాక్స్‌లో రెట్టింపు చేయించాను. దూది కూడా రెట్టింపు పడుతుందనుకుని తెచ్చుకుంటే ఒంటికే చాల్లేదు.

కూరడంలో ఏదైనా పద్ధతి ఉందా? నాలుగోసారి ఇదే తల విప్పే ఓపిక నాకు లేదు. మీరు చెప్పింది విని చేస్తాను.

నిచ్చెనకుట్టు:

పాపం దూదిని వదిలెయ్యండి. అది ఏ నేరమూ చెయ్యలేదు. సంచి ఎలా ఉంటే దూది అలా నిండుతుంది. మీ సంచే మెలి తిరిగి ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు గుడ్డ మెత్తదనంలో అది దాక్కుంది, నిండగానే బయటపడింది.

నాకు అసలు దొంగని పట్టించింది మీ చెవే. మింకీకి నూగు ఉంటుంది కదా, అరచేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి నిలబడుతుంది. లేచిన నూగు వెలుతురుని లోపలికి తీసుకుంటుంది, అందుకే ముదురుగా కనిపిస్తుంది. మీ కుడి చెవి తలకిందులుగా కత్తిరించారన్నమాట. చెవులు అలా కత్తిరించిన చెయ్యి చెంపల్ని మాత్రం వదిలి ఉంటుందా?

మింకీ నేత గుడ్డ కాదు, అల్లిక గుడ్డ. పొడుగువైపు లాగితే పెద్దగా సాగదు, అడ్డంగా లాగితే సాగుతుంది. ఒక చెంప నిలువుగా, రెండోది అడ్డంగా కత్తిరిస్తే కాగితం మీద రెండూ ఒకటే, కూరాక మాత్రం రెండు రకాల చెంపలు. సాగిన వైపు పొడుగవుతుంది, ముక్కు దానికి ఎదురువైపుకి తిరుగుతుంది. మీ ముక్కు ఎడమకి తిరిగిందంటే కుడి చెంప సాగింది. అవునో కాదో మీరే చెప్పాలి.

రెండో అనుమానం మిషన్ మీద. కింద పళ్ళు కింది గుడ్డని లాక్కుపోతాయి. పైనున్న ఫుట్ పై గుడ్డని పట్టి ఆపుతుంది. నూలు గుడ్డయితే తేడా తెలియదు. మింకీలో రెండు నూగులు ఎదురెదురుగా ఉంటాయి, ఒకదానిమీద ఒకటి పాకుతాయి. కుట్టు చివరికొచ్చేసరికి పై ముక్క నాలుగైదు మిల్లీమీటర్లు మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని మనం లాగి, సర్ది, "సరిపోయిందిలే" అనుకుంటాం. నేనూ అన్నాను ఆ మాట, చాలాసార్లు.

కాబట్టి రెండు ప్రశ్నలు. చెంపలు ఏ దిశలో కత్తిరించారు? పట్టీ రెండు కుట్లూ ఎటునుంచి ఎటు వేశారు?

దారంకండె:

దొరికిపోయాను.

గుడ్డ ముక్క చిన్నది. ఎడమ చెంప నిలువుగా వేశాక మిగిలిన చోట కుడి చెంప నిలువుగా పట్టలేదు. అడ్డంగా తిప్పితే చక్కగా సరిపోయింది, భలే పొదుపు చేశానని సంబరపడ్డాను కూడా. చెవులదీ అదే కథ, ఒకటి పైకి, ఒకటి కిందికి పేర్చాను.

ఇక కుట్టు. ఎడమ చెంపకి ముక్కు నుంచి మెడ దాకా వేశాను. దారం తెంపడం ఎందుకని అక్కడే తిప్పి, కుడి చెంపకి మెడ నుంచి ముక్కుకి వచ్చాను.

ఇప్పుడే తల విప్పి, కుట్టు గీత మీదుగా టేపు పెట్టి కొలిచాను. కాగితం నమూనాలో చెంప అంచు 21 సెంటీమీటర్లు. ఎడమది 21.3 ఉంది. కుడిది 22.4. నా ఉద్యోగంలో ఇంత తేడా వస్తే ఆ పూట ఇంటికి పంపరు.

నిచ్చెనకుట్టు:

సెంటీమీటరు పైన! మెడ పట్టెయ్యక ఏమవుతుంది.

రెండు కుట్లూ ముక్కు దగ్గరే మొదలుపెట్టండి. పొరపాటున గుడ్డ జరిగినా ఆ తేడా మెడ దగ్గరికి పోతుంది, ఒంటికి అతికాక అక్కడ ఎవరూ చూడరు. అయితే ఇక్కడో తిరకాసు ఉంది, ఇది నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. రెండు కుట్లూ ఒకే దిశలో వేసినా, ఒక వైపు పట్టీ పైన వస్తుంది, రెండో వైపు పట్టీ కింద వస్తుంది. చేతిలోకి తీసుకుని చూడండి, వేరే దారి లేదు. అంటే మిషన్ పళ్ళు ఒకసారి పట్టీని లాగుతాయి, ఇంకోసారి చెంపని లాగుతాయి. దిశ ఒక్కటే మారిస్తే సగం రోగమే కుదురుతుంది.

పూర్తిగా కుదరాలంటే కచ్చా కుట్టు వెయ్యాల్సిందే. ముందు మూడు చోట్ల గుర్తులు పెట్టుకోండి: ముక్కు, చెవుల నడుమ, మెడ. మింకీ వెనక సుద్ద నిలవకపోతే రంగుదారంతో ఒక్కో చుక్క వెయ్యండి. గుర్తుకి గుర్తు కలిపి గుండుసూది గుచ్చండి, ఆ మధ్యలో ఇంకోటి, వాటి మధ్యలో ఇంకోటి, ఇలా రెండు సెంటీమీటర్లకొకటి వచ్చేదాకా. సూదులు అంచుకి అడ్డంగా గుచ్చాలి, వెంబడి కాదు. తర్వాత చేత్తో కచ్చా కుట్టు, అప్పుడు మిషన్. మిషన్ మీద వేసేది రెండు నిమిషాల పని, దానికి ముందు నలభై నిమిషాల చాకిరీ. మీరు కాలి మిషన్ అంటున్నారు కాబట్టి వంపుల దగ్గర చక్రం చేత్తో తిప్పుకోవచ్చు, అది మంచి సుఖం.

కత్తిరించేటప్పుడు గుడ్డ మడత పెట్టొద్దు. ఒక్క పొర మీద, వెనకవైపు, ఒక చెంప గీసి, కాగితాన్ని తిరగేసి రెండోది గీయండి. రెండింటిలోనూ నూగు ముక్కు నుంచి మెడవైపు పడుకోవాలి. కుందేలుని ఎవరైనా అలాగే కదా నిమిరేది.

ఉన్నిముక్క:

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ నేనైతే మింకీని ముట్టుకోకముందు ఫెల్ట్‌తో ఒక తల కుట్టి చూసుకోమంటాను. ఫెల్ట్ నేసింది కాదు, అల్లిందీ కాదు, పోగుల్ని అదిమి చేసింది. దానికి నూగు వాలు లేదు, నిలువు పోగు అడ్డం పోగు అన్న గొడవ లేదు. ఫెల్ట్ తల కూడా వంకరగా వస్తే తప్పు నమూనాలో ఉందని అర్థం. ఫెల్ట్ తల తిన్నగా ఉండి మింకీ తల వంకరైతే తప్పు మన చేతిలో ఉంది. ఎవరిని తిట్టుకోవాలో ముందే తెలిసిపోతుంది.

ఈ బొమ్మల కథ మొదలైందే ఫెల్ట్‌తో. జర్మనీలో గీంగెన్ అనే ఊళ్ళో మార్గరెటె స్టైఫ్ అని ఒకావిడ ఉండేది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడిపోయాయి, కుడిచెయ్యి కూడా సరిగా ఆడేది కాదు. అయినా కుట్టుపనే బతుకుతెరువు చేసుకుంది. 1880లో ఫెల్ట్‌తో చిన్న ఏనుగులు కుట్టింది, ఆడుకోవడానికి కాదు, గుండుసూదులు గుచ్చుకునే దిండుగా. పిల్లలు వాటిని సూదుల దగ్గర ఉండనివ్వలేదు, ఎత్తుకుపోయి ఆడుకున్నారు. అక్కణ్ణుంచి అది బొమ్మల కంపెనీ అయింది. నూగున్న మొహెయిర్ (ఒక రకం మేక ఉన్ని) గుడ్డతో, కీళ్ళు కదిలే ఎలుగుబంటిని ఆవిడ తమ్ముడి కొడుకు రిచర్డ్ తయారుచేసింది 1902లో. అంటే ఫెల్ట్ మీద చెయ్యి తిరిగి ఇరవై ఏళ్ళు దాటాక. మీరు ఏడు నెలలకే మింకీ కుందేలు పట్టారు, మెడ కొంచెం పట్టేస్తే పట్టేసిందిలెండి.

ఇంకోటి అడగాలి. జిరాక్స్‌లో రెట్టింపు చేయించానన్నారు. నమూనాలో కుట్టు మార్జిన్, అంటే కుట్టుకీ గుడ్డ అంచుకీ మధ్య వదిలే జాగా, కలిపే ఉందా, విడిగా కలుపుకోమన్నారా?

దారంకండె:

కలిపే ఉంది. 6 మిల్లీమీటర్లు. నేను కుట్టిందీ 6 మిల్లీమీటర్ల దగ్గరే.

(రాసి పంపబోతూ ఆగాను. అయ్యో.)

ఉన్నిముక్క:

అదే. బొమ్మతోపాటు మార్జిన్ కూడా రెట్టింపై 12 అయింది. మీరు 6 దగ్గర కుట్టారు. చెంప అంచు గుండ్రం కాబట్టి బయటికి జరిగేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది. పట్టీ అంచు దాదాపు తిన్నగా ఉంటుంది కాబట్టి అది పెరగదు. చెంప ఎక్కువ, పట్టీ తక్కువ. మీరు పట్టీని సాగదీసి సరిపెట్టి ఉంటారు. పెద్దది చేసేటప్పుడు ముందు మార్జిన్ కత్తిరించేసి, లోపలి గీతని పెంచి, తర్వాత కొత్తగా 6 మిల్లీమీటర్లు గీసుకోండి.

దూది లెక్క కూడా అదే జాతి. పొడుగు రెండింతలు, వెడల్పు రెండింతలు, మందం రెండింతలు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఎనిమిది కుందేళ్ళ దూది మీ ఒక్క కుందేలు తింటుంది.

దారంకండె:

ఎనిమిది! ఇంట్లో ఎవరికీ చెప్పను. లెక్కలు చూసే ఉద్యోగమని ఇప్పటికే ఇక్కడ చెప్పేశాను, అది చాలు.

గుండుసూది:

నేను మిషన్ ముట్టను, అంతా చేతి కుట్టే. రెండు దారాల బ్యాక్ స్టిచ్, రెండు మూడు మిల్లీమీటర్ల కుట్లు. తల ఒక్కటీ నాకు రెండు సాయంత్రాలు పడుతుంది, కానీ గుడ్డ జరగడం అన్న మాటే ఉండదు. నిచ్చెనకుట్టు గారి నలభై నిమిషాల కచ్చా కుట్టు చదివాక, ఇంకో గంట కూర్చుంటే చేత్తోనే అయిపోతుంది కదా అనిపించింది. ఊరికే అన్నాను, కోప్పడకండి.

మీరు అడిగిన అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, కూరే పద్ధతి ఏమిటని. చెప్పుకోదగ్గది కొంచెమే ఉంది. గుప్పెడు గుప్పెడు కుక్కితే లోపల ఉండలు ఉండలుగా మిగులుతుంది, బయట గుడ్డ మీద గుంటలు కనిపిస్తాయి. కొంచెం తీసుకుని వేళ్ళతో చిక్కు విప్పి, పొగమంచులా చేసి పెట్టాలి. ముక్కు కొస ముందు, చెంపలు తర్వాత, నడిమి భాగం చివర. నెట్టడానికి పెయింట్ బ్రష్ వెనకవైపు బాగుంటుంది, కత్తెర మొన పెట్టారో కుట్టు తెగుతుంది. మెడ దగ్గర మాత్రం మీరు చాలు అనుకున్నాక ఇంకా కూరండి. తల వాలిపోయేది అక్కడే.

కళ్ళ సంగతి మీరు రాయలేదు. పెట్టేశారా? ఆరేళ్ళ బాబుకైతే వెనక వాషర్ ఉండే ప్లాస్టిక్ కళ్ళు ఫరవాలేదు, కానీ మింకీ అల్లిక గుడ్డ కదా, రంధ్రం లాగేకొద్దీ పెద్దదవుతుంది, వాషర్ సహా ఊడి రాగలదు. లోపలివైపు గట్టి నూలు గుడ్డ చిన్న ముక్క వేసి, రెండింటిలోంచి కన్ను దూర్చి, అప్పుడు వాషర్ నొక్కండి. కళ్ళు దూది కూరకముందే పెట్టాలి, తర్వాత వాషర్ నొక్కడానికి చెయ్యి దూరదు. ఇంట్లోకి మూడేళ్ళ లోపు పిల్లలు ఎవరైనా వస్తూ పోతూ ఉంటే ప్లాస్టిక్ వద్దు, గుండీలు అసలే వద్దు, దారంతో కన్ను కుట్టెయ్యండి. ఐరోపా బొమ్మల భద్రతా ప్రమాణం ఈఎన్ 71లో ఇలాంటి చిన్న భాగాల్ని 90 న్యూటన్ల బలంతో లాగి చూస్తారు, అంటే దాదాపు తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినట్టు. మన బల్ల మీద కుట్టిన కన్ను అంత లాగుడుకి ఆగుతుందని నేనైతే మాట ఇవ్వలేను.

ఇంకొక్కటి, ఇది మాత్రం బతిమాలుతున్నాను. గుండుసూదులు లెక్కపెట్టుకోండి. కుట్టే ముందు ఎన్ని, కుట్టాక ఎన్ని, ఒక కాగితం మీద రాసుకోండి. నూగులో సూది తల వరకూ మునిగిపోతే కంటికి కనిపించదు. ఒకసారి నేను ఒక ఎలుగుబంటిని కావలించుకుని చూసి బతికిపోయాను, దాని కడుపులో ఉన్నది నా మోచేతికి గుచ్చుకుంది. పిల్ల చేతికి ఇచ్చేది ఆ సాయంత్రమే. అప్పటినుంచి ఒక అయస్కాంతం కుట్టుపెట్టెలోనే ఉంటుంది.

దారంకండె:

పదహారు రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి.

ముందు ఫెల్ట్ తల. మార్జిన్ సరిచేసిన కొత్త నమూనాతో కుట్టాను, తిన్నగా వచ్చింది. కాబట్టి నమూనా నిర్దోషి. తర్వాత కొత్త మింకీ, ఈసారి పొదుపు చెయ్యలేదు. రెండు చెంపలూ నిలువుగా, నూగు ముక్కు నుంచి వెనక్కి. కచ్చా కుట్టుకి యాభై రెండు నిమిషాలు పట్టింది. నిచ్చెనకుట్టు గారూ, పట్టీ ఒకసారి పైన ఒకసారి కింద వస్తుందన్నారు చూడండి, అది నమ్మబుద్ధి కాక ముక్కలు చేతిలో తిప్పి తిప్పి చూశాను. నిజమే, ఎలా పెట్టినా తప్పదు. కుట్టాక కొలిస్తే ఎడమ 21.2, కుడి 21.3. ఈ తేడాని నేను చూసీ చూడనట్టు వదిలేశాను.

ముక్కు మధ్యలో ఉంది. ఇంతకన్నా దాని గురించి రాయడానికి ఏమీ లేదు, తిన్నగా ఉన్న ముక్కు ఎవరికీ కథ కాదు. కళ్ళు దారంతోనే కుట్టాను, మా చెల్లెలి పాపకి ఏడాదిన్నర, ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటుంది. తల పాత ఒంటికే అతికాను. దారం బయటికి కనపడకుండా రెండు అంచుల్ని కలిపే నిచ్చెన కుట్టు రెండు చుట్లు వేశాను, మొదటి చుట్టు తర్వాత మెడలో ఇంకో రెండు గుప్పిళ్ళు కూరి, అప్పుడు రెండోది. తల వాలలేదు.

పాత తలని పారెయ్యబుద్ధి కాలేదు. మళ్ళీ మెడ మూసేసి, ఉన్నిముక్క గారి కథ గుర్తొచ్చి, గుండుసూదులు గుచ్చుకునే దిండు చేశాను. బల్ల మీద నన్ను చూడకుండా గోడకేసి చూస్తూ ఉంటుంది. నా దగ్గర మొత్తం 40 సూదులు. గుండుసూది గారు చెప్పినట్టే కాగితం మీద 40 అని రాసి, తారీఖు కూడా వేశాను, అలవాటు.

కుందేలు పూర్తయ్యాక లెక్కపెడితే 39.

రాత్రి పదకొండున్నర. మళ్ళీ లెక్కపెట్టాను, 39. మిషన్ కింద, కుర్చీ కింద, నా చేతి మడతల్లో, గుడ్డ ముక్కల సంచిలో వెతికాను. మా ఆయన లేచొచ్చి టార్చిలైటు పట్టుకున్నారు. ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తెచ్చి కుందేలు ఒళ్ళంతా నాలుగుసార్లు తిప్పాను. ఎక్కడా పట్టలేదు. కానీ ఆ అయస్కాంతం చాలా పల్చటిది, కాగితాలు పట్టేది, అంత లావు దూది వెనకనుంచి సూదిని లాగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆదివారం ఆ పాప దీన్ని నోట్లో పెట్టుకుంటుంది. రెండు చుట్ల నిచ్చెన కుట్టు విప్పాను. తలలో దూది, ఒంట్లో దూది మొత్తం పళ్ళెంలోకి తీసి, చిక్కు విప్పుతూ గుప్పెడు గుప్పెడు చూశాను. ఏమీ లేదు. ఒకటింబావుకి పడుకున్నాను.

పొద్దున మా చిన్నాడు బల్ల దగ్గర అయస్కాంతంతో ఆడుకుంటున్నాడు. సూదులు ఉన్న చోటికి పోవద్దని అరవబోయాను. వాడు పాత తల ఎడమ చెంప దగ్గర అయస్కాంతం పెట్టి, "అమ్మా, ఇది ఇక్కడ అంటుకుంటోంది" అన్నాడు. నూగు పక్కకి తీసి చూస్తే, తల దాకా దిగబడిపోయిన సూది ఒకటి. నేను పన్నునొప్పి చెంప అన్నానే, అందులోనే.

40. కాగితం మీద టిక్కు పెట్టాను. కుందేలు తోలు మాత్రం ఇంకా పళ్ళెం పక్కన ఖాళీగా పడి ఉంది. ఇవాళ శుక్రవారం.